గని ఒప్పందం ఏ కాగితంలో ఉంటుంది?

ప్రభుత్వం ఒక సంస్థకు గని లీజు ఇచ్చిందనో, సముద్రగర్భంలోని గ్యాసు వెలికితీతకు ఒప్పందం కుదిరిందనో పత్రికలో వార్త వచ్చినప్పుడు పెట్టుబడి ఎన్ని వేల కోట్లో, ఉద్యోగాలు ఎన్నో అందులో తప్పక ఉంటాయి. టన్నుకు ఖజానాకు ఎంత జమ అవుతుంది, లీజు ఎన్నేళ్ళకు ఇచ్చారు, షరతు తప్పితే దాన్ని రద్దు చేసే అధికారం ఎవరిది అన్న సంగతులు మాత్రం చాలాసార్లు ఉండవు. అవి తెలుసుకోవాలని పూనుకున్న పౌరుడు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాస్తాడు, నెల గడిచాక "కోరిన అంశం సమాచారం నిర్వచనంలోకి రాదు" అనో "వాణిజ్య గోప్యత దృష్ట్యా ఇవ్వలేము" అనో ఒక్క వాక్యం జవాబుగా వస్తుంది, ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది. దీనికి కార్యాలయాల గోప్యతే ఏకైక కారణమా? గోప్యత ఉన్న మాట నిజమే గానీ, దరఖాస్తు రాసిన తీరే అధికారికి తప్పించుకునే దారి చూపిన సందర్భాలు అంతకు తక్కువేమీ కావు. ఒప్పందం అనేది ఒకే కాగితం అన్న అపోహ ఇందుకు మూలం. నిజానికి అది అయిదారు కార్యాలయాల్లో విడివిడిగా ఉండే పత్రాల వరుస. ఏ పత్రం ఎక్కడ ఉంటుందో, దాని పేరేమిటో తెలిసినవారికి ఆ వరుసలో సగం పత్రాలు చట్టంతో పోరాడకుండానే దొరుకుతాయి.

ఇంత శ్రమ సామాన్య పౌరుడికి ఎందుకు అన్న ప్రశ్నకు బొగ్గు గనుల వ్యవహారం జవాబు చెబుతుంది. వేలం లేకుండా బొగ్గు బ్లాకులు కేటాయించడం వల్ల ప్రైవేటు సంస్థలకు సుమారు 1.86 లక్షల కోట్ల రూపాయల లబ్ధి చేకూరిందని కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే రాజ్యాంగబద్ధ సంస్థ, 2012లో అంచనా కట్టింది. సుప్రీంకోర్టు 2014 ఆగస్టు 25న ఆ కేటాయింపులు చట్టవిరుద్ధమని తేల్చి, సెప్టెంబరు 24న 204 బ్లాకులను రద్దు చేసింది. కోర్టు ప్రధానంగా పరిశీలించినవి రహస్య సాక్ష్యాలేమీ కావు. 1993 నుంచి 36 సార్లు సమావేశమైన పరిశీలన సంఘం మినిట్సు, అంటే సమావేశ నిర్ణయాల నమోదు పత్రాలు. ఎవరిని ఎందుకు ఎంచుకున్నారో చెప్పే కారణాలు వాటిలో కనబడలేదు.

1. అర్జీ పెట్టకముందే దొరికే కాగితాలను ముందు సేకరించుకోవాలి

ఇనుప ఖనిజం వంటి ప్రధాన ఖనిజాల లీజులు 2015 జనవరి నుంచి వేలం ద్వారా ఇవ్వాలని గనులు, ఖనిజాల చట్టం, 1957కు చేసిన సవరణ నిర్దేశించింది. వేలం కోసం విడుదల చేసే టెండరు పత్రంలోనే గని అభివృద్ధి, ఉత్పత్తి ఒప్పందం నమూనా జతచేసి ఉంటుంది. తర్వాత సంతకమయ్యే ఒప్పందం చాలావరకు ఆ నమూనాను అనుసరిస్తుంది కాబట్టి, దాన్ని చదివినవారికి అసలు ఒప్పందం రూపురేఖలు ముందే తెలిసిపోతాయి. చమురు, గ్యాసు ఒప్పందాలకు కూడా ఇలాంటి నమూనాలను హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్ ప్రచురిస్తుంది.

పర్యావరణ అనుమతి సంగతి ఇంకా సులువు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం అనుమతి పొందిన సంస్థ ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీల నాటికి షరతుల అమలు నివేదిక సమర్పించాలి, ఆ నివేదిక ప్రజా పత్రమని నోటిఫికేషనే ప్రకటించింది. దరఖాస్తులు, అనుమతి లేఖలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో చూడవచ్చు. ఏటా ఎంత తవ్వడానికి అనుమతి ఉందో ఆ లేఖలో స్పష్టంగా రాసి ఉంటుంది, కనుక తరువాతి లెక్కలన్నిటికీ అదే ఆధారం.

చాలామందికి తట్టని మూడో చోటు సబ్ రిజిస్ట్రారు కార్యాలయం. ప్రధాన ఖనిజాల లీజు దస్తావేజు రాసుకున్నాక దాన్ని రిజిస్టరు చేయించాలి. స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసే ఒకటో నంబరు పుస్తకాన్ని ఎవరైనా చూడవచ్చనీ, రుసుము కట్టి నకలు పొందవచ్చనీ రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. ఊళ్ళో ఇంటిస్థలం కొనేముందు నకలు తీయించుకునే అలవాటు ఉన్న కుటుంబాలు, ఆ ఊరి కొండ ఎవరి పేరిట ఉందో తెలుసుకోవడానికి అదే కిటికీ దగ్గరకు వెళ్ళవచ్చని ఎందుకు అనుకోవో ఆశ్చర్యమే.

ప్రభుత్వ ఉత్తర్వు, అంటే జీవో, వెబ్‌సైటులో కనబడిన రోజే దాన్ని దించుకుని దాచుకోవడం మంచిది. ఆంధ్రప్రదేశ్‌లో జీవోలను ప్రత్యేక పోర్టల్‌లో పెట్టే పద్ధతి 2021 ఆగస్టులో ఆగిపోయి, 2024లో ప్రభుత్వం మారాక గానీ తిరిగి మొదలుకాలేదు. ఈ రోజు తెరుచుకున్న పేజీ వచ్చే ఏడాది తెరుచుకుంటుందన్న హామీ ఎక్కడా లేదు.

2. ప్రశ్న అడగకూడదు, పత్రం అడగాలి

ఈ అధ్యాయంలో ఒక్క సూచననే గుర్తుపెట్టుకోదలచినవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. కార్యాలయంలో ఉన్న రికార్డును ఇవ్వడమే అధికారి బాధ్యత తప్ప, లేని సమాచారాన్ని తయారుచేయడం గానీ, అభిప్రాయం చెప్పడం గానీ ఆయన పని కాదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి "ఎందుకు" అన్న మాటతో మొదలయ్యే దరఖాస్తు దాదాపుగా వీగిపోయినట్టే.

ఒక ఊరి పక్కన కొండపై లేటరైట్ తవ్వకం మొదలైందనుకుందాం. ఆ ఊరి యువకుడు కలెక్టరు కార్యాలయానికి ఇలా రాస్తాడు: "మా గ్రామ ప్రజల అభిప్రాయం తీసుకోకుండా లీజు ఎందుకు ఇచ్చారు? ఈ అన్యాయానికి బాధ్యులు ఎవరు? పూర్తి వివరాలు ఇవ్వగలరు." ఆవేదన న్యాయమైనదే కావచ్చు గానీ, ఇందులో అధికారి ఫైలులోంచి తీసి ఇవ్వగలిగిన కాగితం ఒక్కటైనా ఉందా? అదే యువకుడు గనుల శాఖ సహాయ సంచాలకుల కార్యాలయానికి, జనం మాటలో ఏడీ మైన్స్ ఆఫీసుకు, ఇలా రాశాడనుకుందాం: "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులో మంజూరైన లీజుకు సంబంధించి (ఒకటి) మంజూరు ఉత్తర్వు, (రెండు) లీజు దస్తావేజు, దానికి జతచేసిన హద్దుల పటం, (మూడు) ఆమోదిత తవ్వక ప్రణాళిక, (నాలుగు) గత 3 ఆర్థిక సంవత్సరాల్లో నెలవారీగా జారీ చేసిన రవాణా పర్మిట్ల పరిమాణం, వసూలైన సీనరేజి రుసుము రిజిస్టరు నకళ్ళు ఇవ్వగలరు." చిన్నతరహా ఖనిజాలపై రాష్ట్ర ప్రభుత్వం పరిమాణాన్ని బట్టి వసూలు చేసే రుసుమును సీనరేజి అంటారు. ఈ రెండో దరఖాస్తులో కోపం లేదు, కానీ తిప్పి పంపడానికి సందు కూడా లేదు.

సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కరలేదని సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ చెబుతున్నా, చాలా దరఖాస్తుల్లో మొదటి పేజీ అంతా ఫిర్యాదే ఉంటుంది. అది రాయడం వల్ల ఒరిగేదేమీ లేకపోగా, దరఖాస్తుదారు వైఖరి ఏమిటో అవతలివారికి ముందే తెలిసిపోతుంది. ఫిర్యాదును వేరే కాగితంపై రాయాలి, పత్రాలు చేతికొచ్చాక రాస్తే ఇంకా మంచిది.

3. ఏ కార్యాలయానికి రాయాలో తేల్చుకోవాలి

చిన్నతరహా ఖనిజాలైన ఇసుక, కంకర, గ్రానైట్ రికార్డులు రాష్ట్ర గనుల శాఖ జిల్లా కార్యాలయాల్లో ఉంటాయి. ప్రధాన ఖనిజాల తవ్వక ప్రణాళికలు నాగపూర్ కేంద్రంగా పనిచేసే ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ ప్రాంతీయ కార్యాలయాల్లో, కాలుష్య సమ్మతి పత్రాలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిలో, అటవీ భూమి మళ్ళింపు కాగితాలు అటవీ శాఖలో దొరుకుతాయి. కృష్ణా గోదావరి బేసిన్‌లోని సముద్రగర్భ గ్యాసు విషయం మాత్రం పూర్తిగా కేంద్రానిది, ఎందుకంటే రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం ప్రాదేశిక జలాల్లోని ఖనిజ సంపద కేంద్ర ప్రభుత్వానికి చెందుతుంది. ఆ ఒప్పందం గురించి కాకినాడ కలెక్టరును అడిగి ప్రయోజనం లేదు.

పొరపాటున వేరే కార్యాలయానికి పంపితే? కంగారు అక్కరలేదు. సంబంధిత కార్యాలయానికి 5 రోజుల్లోగా బదిలీ చేయాల్సిన బాధ్యత సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ కింద అందుకున్న అధికారిదే. ఇక ఖర్చు సంగతి: రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు.

4. "వాణిజ్య రహస్యం" అన్న జవాబు దగ్గర ఆగిపోకూడదు

ఖనిజ ఒప్పందాల విషయంలో అధికారులు ఎక్కువగా ఆశ్రయించేది 8(1)(డి) సెక్షన్. బయటపెడితే మూడో పక్షం, అంటే ఒప్పందంలోని సంస్థ, పోటీలో నష్టపోయే వాణిజ్య సమాచారాన్ని ఇవ్వనక్కరలేదని అది చెబుతుంది. అయితే ఆ సెక్షన్‌ను సగమే చదివి జవాబు రాయడం పరిపాటి. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట అదే వాక్యం చివర ఉంది. పైగా "సమాచారం" అంటే ఏమిటో నిర్వచించిన 2(ఎఫ్) సెక్షన్, కాంట్రాక్టులను పేరుపెట్టి చేర్చింది. కాంట్రాక్టులన్నీ రహస్యమే అయితే చట్టం ఆ మాటను ఎందుకు రాసినట్టు? వేలం ముగిసి, పోటీదారులందరి బిడ్లు తెరిచేశాక, గెలిచిన సంస్థ పలికిన శాతాన్ని దాచడం వల్ల ఇక ఏ పోటీలో ఎవరికి నష్టమో జవాబులో చెప్పమని అప్పీలులో కోరవచ్చు.

కంపెనీ ఒప్పుకోలేదన్నది ఇంకో జవాబు. 11వ సెక్షన్ కింద సంస్థకు నోటీసు ఇచ్చి, అభ్యంతరం చెప్పుకోవడానికి 10 రోజుల గడువు ఇవ్వాలి. కానీ నిర్ణయం అధికారిదే తప్ప సంస్థది కాదు. ఈ తేడా అధికారికి తెలియక కాదు, దరఖాస్తుదారుకు తెలియదన్న ధీమాతోనే "కంపెనీ అంగీకరించనందున" అని రాసి పంపుతారేమో అనిపిస్తుంది.

ఒప్పందంలో నిజంగానే రహస్య సాంకేతిక వివరాలు కొన్ని ఉండవచ్చు. అప్పుడు ఆ పుటలను మినహాయించి మిగతావి ఇవ్వాలని 10వ సెక్షన్ ఆదేశిస్తోంది, కనుక దరఖాస్తు చివర "పూర్తిగా ఇవ్వలేని పక్షంలో 10వ సెక్షన్ ప్రకారం ఇవ్వదగిన భాగం ఇవ్వగలరు" అన్న వాక్యం ముందే చేర్చడం తెలివైన పని. మంత్రివర్గ పత్రాలంటూ నిరాకరించినా, నిర్ణయం జరిగి వ్యవహారం ముగిశాక దాని కారణాలను, ఆధారాలను వెల్లడించాలని 8(1)(ఐ) లోనే ఉంది.

అందరికీ తెలియని మరో ఆయుధం 8(3). దరఖాస్తు తేదీకి 20 ఏళ్ళకు ముందు జరిగిన వ్యవహారాల విషయంలో దేశభద్రత, శాసనసభ హక్కులు, మంత్రివర్గ పత్రాలకు సంబంధించిన మినహాయింపులే నిలుస్తాయి, వాణిజ్య గోప్యత నిలవదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో కేజీ-డీ6 బ్లాకు ఒప్పందంపై 2000 సంవత్సరంలో సంతకాలయ్యాయి. పాతకాలపు గ్రానైట్, సున్నపురాయి లీజులు ఇంకా వెనకటివి. యురేనియం వంటి అణు ఖనిజాల విషయంలో మాత్రం 8(1)(ఎ) కింద వచ్చే భద్రతా మినహాయింపును దాటడం కష్టం, అందువల్ల అక్కడ పర్యావరణ పత్రాల దారినే నమ్ముకోవడం మేలు.

5. పెట్టుబడి అంకెను పక్కనపెట్టి వాటా క్లాజును చదవాలి

పత్రం చేతికొచ్చాక చాలామంది మొదటి పుట నుంచి చదవడం మొదలుపెట్టి, నిర్వచనాల దగ్గరే అలిసిపోతారు. అలా కాక, ప్రభుత్వానికి చెల్లింపులు ఉన్న భాగాన్ని ముందు తెరవాలి. వేలం లీజుల్లో మూడు చెల్లింపులు ప్రధానమైనవి: రాయల్టీ, వేలంలో పలికిన ప్రీమియం, జిల్లా ఖనిజ నిధికి జమ. లెక్క ఎలా ఉంటుందో ఊహాత్మక అంకెలతో చూద్దాం. ఇనుప ఖనిజం టన్ను సగటు అమ్మకం ధర 4,000 రూపాయలు, సంస్థ పలికిన ప్రీమియం 30 శాతం అనుకుంటే, ప్రీమియం 1,200 రూపాయలు. ఇనుప ఖనిజంపై రాయల్టీ 15 శాతం కాబట్టి అది 600. 2015 తర్వాతి వేలం లీజులకు జిల్లా ఖనిజ నిధి వాటా రాయల్టీలో 10 శాతం కాబట్టి 60. మొత్తం టన్నుకు 1,860 రూపాయలు, 2 లక్షల టన్నులకు 37.2 కోట్లు. ఇప్పుడు రవాణా పర్మిట్ల రిజిస్టరులోని టన్నులను, ఖజానా జమను పక్కపక్కన పెడితే తేడా ఉందో లేదో ఎనిమిదో తరగతి లెక్కలతోనే తేలుతుంది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. సగటు ధర అంటే బజారు ధర కాదు, ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ నెలనెలా రాష్ట్రాలవారీగా, గ్రేడులవారీగా ప్రకటించే ధర. గ్రేడు అంటే ఖనిజంలోని లోహ శాతం. ఎక్కువ గ్రేడు సరుకును తక్కువ గ్రేడుగా చూపితే చెల్లింపులన్నీ ఒకేసారి తగ్గుతాయి. అందుకే టన్నులతోపాటు గ్రేడు విశ్లేషణ నివేదికల నకళ్ళు కూడా అడగాలి. సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షన్ సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఇస్తోందని తెలిసినవారు తక్కువ, వాడినవారు ఇంకా తక్కువ.

చమురు, గ్యాసు ఒప్పందాల్లో చిక్కు మరో రకంగా ఉంటుంది. కేజీ-డీ6 వంటి పాత ఉత్పత్తి పంపక ఒప్పందాల్లో సంస్థ ముందుగా తన ఖర్చును రాబట్టుకుంటుంది, మిగిలిన లాభాన్ని ప్రభుత్వంతో పంచుకుంటుంది. ఆ పంపకం పెట్టుబడి గుణకంపై, అంటే పెట్టిన పెట్టుబడికి నికర రాబడి ఎన్ని రెట్లయిందో చెప్పే సంఖ్యపై ఆధారపడుతుంది. గుణకం పెరిగేకొద్దీ ప్రభుత్వ వాటా పెరుగుతుంది. మరి పెట్టుబడి ఖర్చు ఎక్కువగా చూపితే ఏమవుతుంది? గుణకం పెరగడం నెమ్మదిస్తుంది, ప్రభుత్వ వాటా కూడా అక్కడే ఆగుతుంది. పెట్టుబడి తగ్గించుకోవడానికి సంస్థకు తగిన ప్రోత్సాహం ఈ పద్ధతిలో లేదని కాగ్ 2011 నివేదికలో ఎత్తిచూపింది, 2016లో తెచ్చిన కొత్త విధానంలో కేంద్రం రాబడి పంపకానికి మారింది. అప్పట్లో గ్యాసు ధర గురించి జరిగినంత చర్చ ఈ గుణకం గురించి జరగలేదు. దాని వివరం ఒప్పందం చదివినవారికే తెలుస్తుంది కాబోలు. ఖనిజ ఆదాయాలను, ఒప్పందాలను వెల్లడించే అంతర్జాతీయ కార్యక్రమం ఒకటి 2003 నుంచి నడుస్తోంది, అందులోని దేశాలు 2021 నుంచి కొత్త ఒప్పందాలను ప్రచురించాలన్న నియమం కూడా ఉంది. భారతదేశం అందులో సభ్యురాలు కాదు. అందువల్ల ఇక్కడి పాఠకుడికి కాగ్ నివేదికలే ప్రస్తుతానికి నమ్మదగిన దారిదీపం.

6. షెడ్యూల్డు ప్రాంతమైతే అడగాల్సిన కాగితాలు పెరుగుతాయి

విశాఖ మన్యంలోని బొర్రా, అనంతగిరి ప్రాంతపు గనుల వివాదంలో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు గని లీజుగా ఇవ్వడం చెల్లదని తేల్చింది. కనుక అక్కడ లీజు ఎవరి పేరిట ఉంది అన్నదొక్కటే చాలదు. ప్రభుత్వ సంస్థ పేరిట ఉన్న లీజులో తవ్వకం పనిని, ఖనిజం కొనుగోలును ఎవరికి ఏ ఒప్పందంతో అప్పగించారో అడగాలి. చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి అని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది, కాబట్టి ఆ తీర్మానం నకలుతోపాటు హాజరు పుటలు, సభకు ముందు వేయించిన దండోరా లేదా నోటీసు వివరాలు కూడా కోరాలి. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగిన 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. గ్రామసభ కాగితానికి అంత బరువుంది.

7. గడువులను క్యాలెండరులో రాసుకోవాలి

జవాబుకు 30 రోజులు, మూడో పక్షం ఉంటే 40 రోజులు. ఆపై 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడి నిర్ణయం తర్వాత 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్‌లో విచారణకు నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి అంతకు మించి కూడా. అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కరలేదు, ఫైలు చూసే అవకాశం కోరుతూ మరో చిన్న దరఖాస్తు పెట్టవచ్చు, మొదటి గంట పరిశీలనకు రుసుము ఉండదు. ఫైలు పక్కన గంటసేపు కూర్చున్నవారికి తర్వాతి దరఖాస్తులో ఏ పుట అడగాలో తెలిసొస్తుంది.

8. ప్రజాభిప్రాయ సేకరణకు కాగితాలతో వెళ్ళాలి, మినిట్సు చదివేదాకా ఉండాలి

గని ఇంకా మొదలుకాని ఊళ్ళకు పై దారులన్నిటికంటే ఇదే దగ్గరిది. పర్యావరణ అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ముసాయిదా నివేదికను, స్థానిక భాషలో దాని సారాంశాన్ని కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల ఉంచాలి. తెలుగు సారాంశం పది పదిహేను పుటలే ఉండి, మూల నివేదిక వందల పుటలు ఉన్నప్పుడు, రెండిటిలోనూ ఏటా తవ్వే పరిమాణం, నీటి వాడకం, లారీల రాకపోకల అంకెలు ఒకటిగానే ఉన్నాయా అని పోల్చడం ఒక సాయంత్రం పని. తేడా కనబడితే పుట సంఖ్యతో సహా రాతపూర్వకంగా ఇవ్వాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి. సభ మొత్తాన్ని వీడియో తీయాలన్నది నియమం. చివర్లో మినిట్సును స్థానిక భాషలో చదివి వినిపించి, ఆ తర్వాతే అధికారులు సంతకం చేయాలి; మైకులో ఉద్వేగంగా మాట్లాడినవారిలో చాలామంది ఆ వేళకు ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు. మిగిలినవారిలో ఒక్కరైనా తమ అభ్యంతరం అందులో చేరిందో లేదో విని, చేరకపోతే అక్కడికక్కడే చేర్పించి, ఆ కాగితం పంచాయతీ కార్యాలయంలో అతికించాక దాన్ని ఫోనుతో ఫొటో తీసుకోవాలి.